ప్రశ్నను వినే ఓపిక మనకుందా?



కొన్నేళ్ల క్రితం ఒక విశ్వాసి ఇంట జ్ఞాపకార్థ కూడికలో వాక్యం చెప్పడానికి వెళ్లాం. ప్రభువునందు నిద్రించిన ఆ పెద్దాయన ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. సంఘంలో చాలాకాలం కానుకల లెక్కలు చూశారు. కూడిక ముగిసి భోజనాలు వడ్డిస్తుండగా ఆయన కుమారుడు వచ్చి మా పక్కన కూర్చున్నాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నాడు: "అయ్యగారూ, మీరు ఆస్పత్రికి వచ్చినరోజు నాన్నగారు మిమ్మల్ని ఒక మాట అడిగారు, గుర్తుందాండీ? నేను బతికిన బతుకు సరైనదేనా అని. మీరు వెంటనే ప్రార్థన చేసుకుందాం అన్నారు. మీరు ప్రార్థన చేసినంతసేపూ ఆయన కళ్లు మూసుకోలేదండీ. మీ ముఖం వంకే చూస్తూ ఉన్నారు."

ఆ మాటలో నింద లేదు. అందుకే అది మరింత గట్టిగా తగిలింది. ఆ రోజు మా దగ్గర జవాబు లేకపోలేదు. రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం, యోహాను సువార్త పద్నాలుగో అధ్యాయం నాలుక చివరనే ఉన్నాయి. లేనిదల్లా ఆ ప్రశ్న దగ్గర రెండు నిమిషాలు కూర్చునే ఓపిక. నిజం చెప్పాలంటే, ధైర్యం.

సెమినరీ రోజుల్లో చదివి పక్కన పెట్టేసిన కొన్ని పుస్తకాలను ఆ తర్వాతే మళ్లీ తీశాం. కొన్ని పాత సినిమాలు కూడా చూశాం. గొప్ప కథలు రక్షణ మార్గం చెప్పవు. మనిషి లోపల ఏ ప్రశ్న నలుగుతోందో వినడం మాత్రం నేర్పుతాయి. ప్రశ్నను వినకుండా చెప్పే జవాబు ఎంత వాక్యానుసారమైనదైనా, వినేవారికి అది అలవాటైన శబ్దంలాగే ఉంటుంది. ఈ వారం ఆ కథల్లో నాలుగింటిని మీతో పంచుకోవాలనుకుంటున్నాం.

వాక్యమే చూపిన దారి

"నవలలూ సినిమాలూ లోక సంబంధమైనవి కదా, సంఘానికి అవెందుకు?" అని పెద్దలు అడగవచ్చు. ఆ జాగ్రత్తను మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. మన సంఘాల్లో చాలా చోట్ల ఒక తరం సినిమా హాలు మెట్లు ఎక్కకుండానే పెరిగింది. 1978లో 'కరుణామయుడు' వచ్చినప్పుడు మాత్రం అటువంటి ఇళ్లవారు కూడా హాలుకు వెళ్లి కన్నీళ్లతో తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి.

అయితే వాక్యంలోకే వెళ్లి చూద్దాం. దావీదు పాపం చేసినప్పుడు నాతాను ప్రవక్త ధర్మశాస్త్రం తెరిచి ఆజ్ఞలు చదివి వినిపించవచ్చు. ఆ ఆజ్ఞలు దావీదుకు తెలియనివి కావు. నాతాను మాత్రం ఒక పేదవాడి గురించి, వాడు బిడ్డలా పెంచుకున్న ఒక్క గొర్రెపిల్ల గురించి కథ చెప్పాడు (2 సమూయేలు 12). దావీదు తన మనస్సుకు పెట్టుకున్న కాపలా అంతా దాటి ఆ కథ లోపలికి వెళ్లింది. అపొస్తలుడైన పౌలు ఏథెన్సులో మాట్లాడుతూ గ్రీకు కవుల మాటలు ఎత్తిచూపాడు (అపొస్తలుల కార్యములు 17). ఆ కవులు క్రీస్తును ఎరిగినవారు కారు. దానియేలు బబులోను విద్య నేర్చుకున్నాడు గాని, రాజు భోజనంతో తన్ను అపవిత్రపరచుకోలేదు (దానియేలు 1). నేర్చుకోవడానికీ లొంగిపోవడానికీ తేడా అతనికి తెలుసు.

యోబు గ్రంథం చూడండి. బాధలో ఉన్న యోబుతో దేవుడు 38వ అధ్యాయం వరకు మాట్లాడలేదు. అంతకాలం ఆ మనిషి ప్రశ్నలను వింటూ ఉన్నాడు. యోబు స్నేహితులు చేసిన మంచి పని ఒక్కటే. మొదటి ఏడు రోజులు నోరు తెరవకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. నోరు తెరిచాకే తప్పు మొదలైంది.

అందరూ అబద్ధం చెప్పిన మంచం

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం' చిన్న నవల. ఇవాన్ ఇల్యీచ్ కోర్టులో పెద్ద పదవిలో ఉన్న మనిషి. చెడ్డవాడేమీ కాదు. అందరూ ఒప్పుకునే విధంగా చదువుకున్నాడు, అందరూ ఒప్పుకునే పెళ్లి చేసుకున్నాడు, ప్రమోషను తెచ్చుకున్నాడు, కొత్త ఇల్లు అలంకరించుకున్నాడు. ఆ ఇంట్లో కర్టెన్లు ఎలా వేలాడదీయాలో పనివాడికి చూపించబోయి నిచ్చెన మీద నుంచి జారుతాడు. పక్కటెముకల దగ్గర చిన్న దెబ్బ. ఆ నొప్పి తగ్గదు. నలభై ఐదేళ్లకే అతను చనిపోతాడు.

నవల అతని మరణవార్తతో మొదలవుతుంది. పేపర్లో ఆ వార్త చదివిన తోటి ఉద్యోగుల మనస్సులో మొదట మెదిలేది, ఖాళీ అయిన ఆ పదవి ఎవరికి వస్తుందన్న లెక్క. ఆ తర్వాత టాల్‌స్టాయ్ మనల్ని వెనక్కి తీసుకెళ్లి ఆ మంచం పక్కన కూర్చోబెడతాడు. అక్కడ ఇవాన్‌ను నొప్పికంటే ఎక్కువగా బాధించేది అబద్ధం. భార్యా డాక్టర్లూ స్నేహితులూ, ఇది జబ్బే, మందులతో తగ్గిపోతుంది అన్నట్టు నటిస్తారు. అతను చనిపోతున్నాడని అందరికీ తెలుసు. ఒక్కరూ ఆ మాట పలకరు. గెరాసిం అనే పల్లెటూరి పనివాడు మాత్రమే నటించడు. అందరం ఒకరోజు పోయేవాళ్లమే కదా అన్న సాదాసీదా మనస్సుతో యజమాని కాళ్లు తన భుజాల మీద పెట్టుకుని గంటల తరబడి కూర్చుంటాడు.

ఆ మంచం మీదే ఇవాన్‌కు భయంకరమైన ప్రశ్న పుడుతుంది: నేను బతికిన తీరే తప్పయితే? మొదట దాన్ని తోసేస్తాడు. నేను అన్నీ పద్ధతిగానే చేశాను కదా అనుకుంటాడు. ఆ పద్ధతే తప్పేమో అన్న అనుమానం వదలదు. చర్చి ఫాదరు వస్తాడు. ఇవాన్ తన పాపాలు ఒప్పుకుని సంస్కారం తీసుకుంటాడు, కన్నీళ్లు పెట్టుకుంటాడు, కాసేపు ఊరట పొందుతాడు. భార్య లోపలికి వచ్చి పైపై మాటలు మాట్లాడగానే మళ్లీ ఆ అబద్ధపు గాలి గదిని నింపేస్తుంది.

సేవకులుగా మేము ఆ పేజీ దగ్గర ఆగిపోయాం. మతాచారం జరిగింది. మనిషి ప్రశ్న మాత్రం ఇంకా అలాగే ఉంది. చివరి గంటలో స్కూలుకెళ్లే వయసున్న కొడుకు మంచం దగ్గరికి వచ్చినప్పుడు ఇవాన్ చెయ్యి ఆ పిల్లవాడి తల మీద పడుతుంది. పిల్లవాడు ఆ చేతిని ముద్దుపెట్టుకుని ఏడుస్తాడు. అప్పుడు మొదటిసారి ఇవాన్ తనను మరచి వాళ్ల మీద జాలిపడతాడు. మరణభయం తొలగి, వెలుగు కనబడుతుంది.

మా ముందు కళ్లు మూసుకోని ఆ పెద్దాయన అడిగింది ఇవాన్ ప్రశ్నే. మేము చేసింది ఏమిటి? ప్రార్థన పేరుతో మేమూ మాట మార్చేశాం. మన ఆస్పత్రి పరామర్శల్లో, "ఏం కాదండీ, దేవుడు బాగుచేస్తాడు" అనే మాట ఎన్నిసార్లు విశ్వాసంతో వస్తుందో, ఎన్నిసార్లు భయంతో వస్తుందో మనల్ని మనం పరీక్షించుకోవాలి.

ఊయల మీద ఒక ఆఫీసరు

టాల్‌స్టాయ్ కథ ప్రేరణతో జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1952లో 'ఇకిరు' అనే సినిమా తీశాడు. ఆ మాటకు బతకడం అని అర్థం. కథానాయకుడు వాతనబె టోక్యో నగరపాలక కార్యాలయంలో ఒక సెక్షనుకు అధిపతి. ముప్పై ఏళ్లుగా ఫైళ్ల మీద ముద్రలు వేస్తున్నాడు. ఒక పేట స్త్రీలు వచ్చి, మా ఇళ్ల పక్కన మురుగుగుంట ఉంది, పిల్లలకు జబ్బులొస్తున్నాయి, దాన్ని పూడ్చి ఆటస్థలం చేయండి అని అర్జీ పెట్టుకుంటారు. ఒక సెక్షను వారు మరో సెక్షనుకు, వారు ఇంకో సెక్షనుకు పంపుతారు. చివరికి ఆ స్త్రీలు మొదలుపెట్టిన టేబులు దగ్గరికే తిరిగి వస్తారు. ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవం ఉన్న మనకు ఈ దృశ్యం వివరించనక్కర్లేదు.

ఇంతలో వాతనబెకు కడుపులో క్యాన్సర్ అని తెలుస్తుంది. డాక్టరు అతనికీ అబద్ధమే చెబుతాడు, మామూలు పుండు అని. ఇక మిగిలింది కొద్ది నెలలు. కొడుక్కి చెప్పుకోలేడు. ఒక రాత్రంతా తాగుడు, ఆటపాటలు చూసొస్తాడు. ఖాళీ తీరదు. తన ఆఫీసు ఉద్యోగం వదిలేసి బొమ్మల ఫ్యాక్టరీలో చేరిన తోయో అనే అమ్మాయిని, నువ్వెందుకింత సంతోషంగా ఉంటావు అని అడుగుతాడు. ఆమె తాను తయారుచేసే కుందేలు బొమ్మ తీసి చూపిస్తుంది. ఇవి చేస్తుంటే దేశంలోని పిల్లలందరితో ఆడుకుంటున్నట్టుంటుంది అంటుంది. వాతనబె లేచి నేరుగా ఆఫీసుకు వెళ్లి, అడుగున పడిపోయిన ఆ అర్జీని బయటికి తీస్తాడు. ఆటస్థలం కట్టించి, మంచు కురుస్తున్న రాత్రి అదే ఆటస్థలంలో ఊయల మీద కూర్చుని పాడుకుంటూ చనిపోతాడు.

సినిమాలో చివరి భాగం అతని సంతాప కూటమి. ఆటస్థలం ఘనత అంతా పై అధికారులు తమదే అంటారు. కింది ఉద్యోగులు తాగి, ఏడ్చి, ఇకనుంచి మేమూ ఆయనలా పనిచేస్తామని ప్రమాణం చేస్తారు. మర్నాడు ఆఫీసులో మళ్లీ అదే వరస. మన ఉజ్జీవ సభల తర్వాత వచ్చే సోమవారం గుర్తుకు రాలేదా?

ఈ కథ మన ముందు ఉంచేది లూకా 12లో ప్రభువు చెప్పిన ధనవంతుని ప్రశ్న: ఈ రాత్రే పిలుపు వస్తే, నీవు కూర్చుకున్నది ఎవరిది? ఇక్కడొక పరిమితిని కూడా గుర్తించాలి. వాతనబె మంచిపని చేసి తృప్తిగా వెళ్లాడు. గడిచిపోయిన ముప్పై ఏళ్లను ఎవరు క్షమిస్తారన్నది ఆ సినిమా అడగదు. ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయం కృపను ముందు ఉంచి, సత్క్రియలను తర్వాత ఉంచుతుంది. ఆ వరస సినిమాలో దొరకదు. దాన్ని సంఘమే చెప్పాలి.

వెండి దీపస్తంభాలు

కృప గురించి మాట్లాడే కథ కావాలంటే విక్టర్ హ్యూగో 1862లో ప్రచురించిన 'లే మిజరబుల్' ఉంది. తెలుగువారికి ఇది పరాయి కథ కాదు. 1950లో చిత్తూరు నాగయ్య నటించిన 'బీదల పాట్లు' దీని ఆధారంగానే వచ్చింది. 1972లో అదే పేరుతో మళ్లీ తీశారు.

జాఁ వాల్జాఁ రొట్టె దొంగిలించి, పారిపోవడానికి ప్రయత్నించి, మొత్తం పంతొమ్మిదేళ్లు జైల్లో గడిపాడు. విడుదలయ్యాక ఏ సత్రమూ చోటివ్వలేదు. ఒక బిషప్ ఇంట్లో భోజనం పెట్టి పడక వేశాడు. రాత్రి అతను ఆ ఇంటి వెండి సామాను దొంగిలించి పారిపోయాడు. పోలీసులు పట్టుకుని తెస్తే బిషప్, అవి నేనిచ్చినవే, ఈ దీపస్తంభాలు కూడా నీవే, వాటిని మరచిపోయావేం అన్నట్టుగా మాట్లాడి వాటినీ ఇచ్చేశాడు.

మన ప్రసంగాల్లో ఈ కథ ఇక్కడే ఆగిపోతుంది. హ్యూగో ఇక్కడ ఆపలేదు. ఆ కృప పొందిన వాల్జాఁ దారిలో ఒక చిన్న కుర్రవాడి నాణెం మీద కాలు వేసి తొక్కిపట్టి, వాడిని ఏడిపించి తరిమేస్తాడు. కాసేపటికి తాను చేసిందేమిటో తెలిసి, వాడి కోసం పేరు పెట్టి పిలుస్తూ వెతికి, దొరక్క కుప్పకూలి ఏడుస్తాడు. మారుమనస్సు బిషప్ ఇంటి గుమ్మంలో పూర్తికాలేదు. కృప పొందిన మర్నాడే మళ్లీ పడిపోయిన విశ్వాసులు, "నాకు నిజంగా రక్షణ కలిగిందా?" అని రాత్రులు నలిగిపోయే యౌవనస్తులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. వారికి ఈ పేజీ తోడు.

ఇంకొకవైపు జావేర్ అనే పోలీసు అధికారి ఉన్నాడు. లంచం తీసుకోడు, అబద్ధమాడడు. చట్టమే అతనికి దేవుడు. తాను జీవితమంతా వెంటాడిన వాల్జాఁ, చంపే అవకాశం వచ్చినా తనను వదిలేస్తాడు. ఆ కృపను జావేర్ మోయలేకపోతాడు. నదిలో దూకి ప్రాణం తీసుకుంటాడు. లూకా 15లో ఇంటి బయట నిలబడిపోయిన పెద్దకుమారుడు ఇతనే. మనలో తప్పిపోయిన చిన్నకుమారుల కోసం ప్రార్థనా కూటాలు పెడతాం. పెద్దకుమారులను సంఘ కమిటీల్లో కూర్చోబెడతాం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. బిషప్ ఆ వెండితో వాల్జాఁ ఆత్మను కొన్నట్టు మాట్లాడతాడు. సాహిత్యంగా అది గొప్పగా ఉంది. అయితే మనలను కొన్న వెల వెండి బంగారాలు కావని పేతురు రాశాడు (1 పేతురు 1:18-19). కథ మనల్ని సిలువ దగ్గరికి తీసుకెళ్లగలదు గాని, సిలువ స్థానంలో నిలబడలేదు.

గబ్బిలం మోసిన కబురు

నాలుగో కథ మన నేలది, మన ఇంటిది. 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టిన గుర్రం జాషువ 1941లో 'గబ్బిలం' కావ్యం ప్రచురించాడు. తర్వాత ఆయన రాసిన 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది.

కాళిదాసు మేఘంతో కబురు పంపితే జాషువ గబ్బిలంతో పంపాడు. అంటరానివాడని గుడి బయటే నిలిపివేసిన ఒక పేదవాడు, తన గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో కాశీలో ఉన్న శివునికి తన కష్టం చెప్పమంటాడు. మనిషైన తనకు గుడిలోకి వెళ్లే అర్హత లేదు. గుడి కప్పుకు తలకిందులుగా వేలాడే గబ్బిలానికి అడ్డు లేదు. పూజారి లేని సమయం చూసి దేవుని చెవిలో చెప్పమని బతిమాలతాడు.

నా మొర దేవునికి వినబడుతుందా? వినబడకుండా అడ్డుపడుతున్నది ఎవరు? కీర్తనకారుడు 13వ కీర్తనలో అడిగినదీ ఇటువంటిదే. మన తాతముత్తాతల్లో చాలామంది ఈ ప్రశ్న మోసుకుంటూనే సువార్త దగ్గరికి వచ్చారు. సిలువ మీద ప్రభువు ప్రాణం విడిచినప్పుడు దేవాలయపు తెర పైనుంచి కిందికి చినిగిపోయిందని మత్తయి 27లో విన్నప్పుడు వారికి అది పాత కథగా వినిపించి ఉండదు. ఇక గబ్బిలంతో పనిలేదన్న కబురుగా వినిపించి ఉంటుంది.

మరి ఆ చినిగిన తెరను మనమే మళ్లీ కుట్టుకుంటున్నామా? ఒకే ప్రభువు బల్ల దగ్గర కూర్చునేవారం, పెళ్లి సంబంధం అనగానే ముందు ఏ కులమని విచారిస్తున్నాం. సమాధుల స్థలంలో సైతం హద్దులు గీసుకున్న ఊళ్లున్నాయి. బంగారు ఉంగరం పెట్టుకున్నవానికి ముందు కుర్చీ, మురికి బట్టలవానికి నేల చూపించడాన్ని యాకోబు రెండో అధ్యాయంలో ఖండించాడు. మన సంఘంలో తన కష్టం పాస్టరు దాకా చేర్చుకోవడానికి మధ్యవర్తిని వెతుక్కునే పేద విశ్వాసి ఒక్కరున్నా, జాషువ కావ్యం మనల్నే అడుగుతోంది.

ఎలా చదవాలి, ఎలా చూడాలి

ఈ మాటలు విని ఏ సినిమా అయినా చర్చిలో వేయవచ్చని ఎవరూ అనుకోకండి. నాయకులు ముందు తాము చదివి, చూసి, తర్వాతే యౌవనస్తుల ముందు ఉంచాలి. ఫిలిప్పీ 4:8 మనకు జల్లెడ. రచయితలను గురువులుగా కూడా చేసుకోవద్దు. టాల్‌స్టాయ్ క్రీస్తు దైవత్వాన్ని ఒప్పుకోలేదు. 1901లో రష్యన్ సనాతన సంఘం ఆయనను తనవాడు కాదని ప్రకటించింది.

నెలకొకసారి యౌవనస్తుల కూడికలో ఒక కథ తీసుకుని మూడు ప్రశ్నలు వేసి చూడండి. ఈ మనిషి దేనికి భయపడుతున్నాడు? ఊరట కోసం ఎక్కడెక్కడ వెతికాడు? ఈ కథ ఎంతవరకు నిజం చెప్పి, ఎక్కడ ఆగిపోయింది? అక్కడ బైబిలు తెరవండి. ఇవాన్‌తో ప్రసంగి గ్రంథం, వాతనబెతో లూకా 12, జావేర్‌తో లూకా 15, గబ్బిలంతో యాకోబు 2 చదవండి. పిల్లలు మాట్లాడుతుంటే మధ్యలో అందుకుని జవాబు చెప్పేయకండి. ఇది అన్నిటికంటే కష్టమైన నియమం. మాకూ ఇంకా పూర్తిగా రాలేదు.

ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు ఫోన్లలో ఈ ప్రశ్నలను రోజూ చూస్తూనే ఉన్నారు. నేనెందుకు బతకాలి, చేసిన తప్పుకు క్షమాపణ ఉందా, దేవుడు మావాళ్ల బాధ చూస్తున్నాడా అన్నవి వారి ప్రశ్నలు కూడా. చర్చిలో వాటిని పలకడానికి చోటు లేకపోతే వారు చర్చి వదిలేది వెంటనే కాదు. ముందు చర్చిలో మాట్లాడటం మానేస్తారు.

మళ్లీ ఆ ఆస్పత్రి గదికి వెళ్లే అవకాశం మాకు లేదు. ఉంటే, కళ్లు మూసుకోకముందు ఆ పెద్దాయన చెయ్యి పట్టుకుని, "ఏ సంగతి గుర్తొచ్చి అలా అడుగుతున్నారండీ?" అని అడిగేవాళ్లం. ఆయన ఏం చెప్పేవారో ఇప్పుడు ఎవరికీ తెలియదు. అది విన్నాక చదివిన వాక్యం, చేసిన ప్రార్థన ఆయనవిగా ఉండేవి.

ఎమ్మాయు దారిలో ప్రభువు ఆ ఇద్దరు శిష్యులకు లేఖనాలు వివరించడానికి ముందు, మీరు మాట్లాడుకుంటున్న సంగతులేమిటని అడిగాడు (లూకా 24). అన్నీ తెలిసినవాడు కూడా అడిగి, నిలబడి, విన్నాడు. ఈ వారం మీరు ఒక పరామర్శకు వెళ్తున్నట్లయితే, అంతపాటి ఓపిక మనకు ఇమ్మని ఆయనను అడిగి వెళ్లండి.